ఇత్తడి ఏరుకునేవాళ్ళు

అమెరికాలో ఎప్పుడైనా షూటింగ్ రేంజ్‌కి వెళ్తే, కాలుస్తున్నవాళ్ళని కాసేపు పక్కనపెట్టి, కాల్చడం అయిపోయినవాళ్ళని చూడండి. కొందరు చెవుల మీది మఫ్‌లు తీసేసి, సంచీ సర్దుకుని, కారెక్కి వెళ్ళిపోతారు. ఇంకొందరు నడుం వంచి నేలమీద ఏరుకోవడం మొదలుపెడతారు. మోకాళ్ళు సహకరించని పెద్దవాళ్ళయితే పొడుగు కర్రకి తీగల బుట్ట బిగించిన పనిముట్టు ఒకటి తెచ్చుకుని, గడ్డిలో అటూ ఇటూ దొర్లిస్తారు. నిజానికి అది చెట్టుకింద రాలిన పెకాన్ కాయలు ఏరడానికి చేసింది. నేనుండే టెక్సస్‌లో పెకాన్ చెట్లకి కొదవలేదు కాబట్టి ఆ బుట్టకీ కొదవలేదు. తమవి ఏరడం అయిపోయాక పక్కవాడు వదిలేసిన వాటివైపు ఓరగా చూసి, కాస్త మొహమాటపడుతూ, "మీకివి అక్కర్లేదా?" అని అడుగుతారు. అక్కర్లేదంటే చాలు, ఆ మొహం వెలిగిపోతుంది.

వాళ్ళు ఏరుకునేది పేలిపోయిన తూటాల ఇత్తడి తొడుగులు. ఇంటికి తీసుకెళ్ళి, శుభ్రం చేసి, మళ్ళీ నింపి, మళ్ళీ కాల్చుకుంటారు. రీలోడింగ్ అంటారు దీన్ని. మా పక్కింటి పెద్దాయన రిటైరైన మెషినిస్టు. ఆయన గరాజ్‌లో కారుకి చోటులేదు గానీ ఈ పనికి గోడ పొడుగునా బల్ల ఉంది. నాకు ఈ పిచ్చి అంటించింది ఆయనే.

కబుర్లలో పడేముందు చట్టం సంగతి తేల్చేసుకుందాం. ఎందుకంటే మీలో చాలామందికి ఇది చదివి ఊరుకోవాల్సిన సరదాయే. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉంచుకోవడమే నేరం. తయారుచేయాలంటే దానికి వేరే లైసెన్సు. ఇంట్లో కూర్చుని నింపుకుందామనే ఆలోచనే పెట్టుకోకండి. అమెరికాలో సొంతానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితే మాత్రం కావాలి. ఆపైన రాష్ట్రానికో నిబంధన. ఇక మనవాళ్ళకి ముఖ్యమైన ముక్క ఒకటుంది. హెచ్‌1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకీ ఇంకొందరికీ మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ అడ్డు లేదు. అసలు మెలిక ఏమిటంటే, ఆ చట్టం దృష్టిలో తూటా అంటే నిండు తూటా ఒక్కటే అనుకోకూడదు. ఖాళీ తొడుగు, ప్రైమర్, గుండు, మందు, వేటికవి విడిగా ఉన్నా లెక్కలోకి వస్తాయి. చూడ్డానికని నాతో వచ్చిన ఆఫీసు కుర్రాడొకడు గుర్తుగా ఉంటుందని ఒక ఖాళీ తొడుగు జేబులో వేసుకోబోతే, "తమ్ముడూ, నీ వీసా ఏమిటి?" అని అడగాల్సి వచ్చింది. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

సరే, తూటాలో ఏముంటుంది? నాలుగే నాలుగు వస్తువులు. కింద చిన్న బొత్తాంలా ప్రైమర్, దానికి తుపాకీలోని సూది తగిలితే నిప్పు పుడుతుంది. ఆ నిప్పు అందుకుని మండే మందు. మండితే వచ్చే వాయువు ముందుకి తోసే గుండు. ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి తొడుగు. కాల్చగానే మొదటి మూడూ ఖర్చయిపోతాయి, నాలుగోది మిగిలిపోతుంది. మొత్తంలో ఖరీదైన భాగం తరచుగా అదే. రీలోడింగ్ అంతా ఈ ఒక్క లెక్క మీదే నిలబడింది.

ఇత్తడే ఎందుకంటే, రాగి డెబ్భై పాళ్ళు, తుత్తునాగం ముప్ఫై పాళ్ళు కలిసిన ఆ లోహానికి సాగే గుణమూ ఉంది, వెనక్కి ముడుచుకునే గుణమూ ఉంది. లోపల మందు మండినప్పుడు తొడుగు ఉబ్బి తుపాకీ గది గోడలకి అతుక్కుపోతుంది, వాయువు వెనక్కి రాకుండా మూసేస్తుంది. ఒత్తిడి తగ్గగానే పిసరంత ముడుచుకుంటుంది. అందుకే చేత్తో లాగితే బయటికి వచ్చేస్తుంది. పిసరంతే ముడుచుకుంటుంది కాబట్టి మొదటి కొలతకి రాదు, దాన్ని మళ్ళీ కొలతకి తేవడమే ఇంట్లో చేసే మొదటి పని. చవకగా దొరికే ఉక్కు తొడుగులకీ, అల్యూమినియం తొడుగులకీ ఈ సుగుణం లేదు. వాటిని ఏరుకోకండి. అయస్కాంతం ఒకటి జేబులో ఉంటే ఉక్కువి అక్కడికక్కడే తేలిపోతాయి. అల్యూమినియాన్ని మాత్రం రంగు చూసే వదిలేయాలి.

ప్రైమర్ సంగతి కాస్త సావకాశంగా చెప్పాలి, మన చరిత్ర దాన్ని తాకుతూ వెళ్ళింది. 1857లో సిపాయిలు పళ్ళతో కొరకాల్సి వచ్చిన కాగితపు తూటా గుర్తుందిగా, కొవ్వు పూశారన్న అనుమానంతో అంత గొడవకి కారణమైంది. అది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకీది. ఓ పదేళ్ళు తిరక్కుండానే బ్రిటిష్‌వాళ్ళు అదే ఎన్‌ఫీల్డ్‌ని వెనకనుంచి నింపేట్టు మార్చారు. స్నైడర్ అన్నారు దాన్ని. దానికి లోహపు తూటా తయారుచేసినవాడు వూలిచ్ ఆయుధశాలలోని ఎడ్వర్డ్ బాక్సర్ అనే సైనికాధికారి. దాదాపు ఆ రోజుల్లోనే అమెరికాలో హైరమ్ బెర్డన్ ఇంకోరకం ప్రైమర్ కనిపెట్టాడు. ప్రైమర్ మందు నలిగి రాజుకోవాలంటే సూదికి ఎదురుగా గట్టి దిమ్మ ఒకటి ఉండాలి. బాక్సర్ దాన్ని ప్రైమర్‌లోనే పెట్టాడు. తొడుగుకి నడిమధ్యన నిప్పు వెళ్ళే రంధ్రం ఒకటే ఉంటుంది. బెర్డన్ దిమ్మని తొడుగులోనే ఒక భాగంగా చేశాడు. మధ్యలో చోటులేక రంధ్రాలు పక్కలకి జరిగి రెండయ్యాయి. తమాషా ఏమిటంటే ఇంగ్లిష్‌వాడి పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడిది ఐరోపాలో.

ఈ తమాషా వల్లే అమెరికాలో ఈ సరదా ఇంటింటికీ పాకింది. నడుమ ఒక్కటే రంధ్రం ఉంటే పైనుంచి సూది దించి పాత ప్రైమర్‌ని పొడిచేయవచ్చు, క్షణం పని. రెండు రంధ్రాలుంటే ఆ సూది దిమ్మకి తగిలి వంగిపోతుంది. అందుకని తొడుగు ఏరుకున్నాక మొదట లోపలికి టార్చి వేసి చూడాలి. ఒక కన్ను కనబడితే ఉంచుకోండి, రెండు కళ్ళు కనబడితే పాత ఇత్తడిలోకి. అన్నట్టు, హైదరాబాద్‌లో పెరిగి 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన గగన్ నారంగ్ గెలిచింది ఎయిర్ రైఫిల్‌తో, దానికి తూటా గొడవే లేదు. అలాంటి పోటీల్లోనే ఇంకో రకానికి వాడే పాయింట్ 22 తూటాని కూడా మళ్ళీ నింపే వీలులేదు. దానికి ప్రైమర్ బొత్తాం విడిగా ఉండదు. అంటించే మందు అడుగు అంచు మడతలోనే ఉంటుంది, సూది దెబ్బకి ఆ మడతే నలిగిపోతుంది.

ఇక అందరూ అడిగే ప్రశ్న. మా ఆఫీసు కుర్రాడే, వీసా సంగతి విన్న తర్వాత కూడా, "అన్నా, గ్రీన్ కార్డు వచ్చాక సంగతి అడుగుతున్నా, డబ్బులు మిగులుతాయా?" అన్నాడు.

మిగలవు. కాగితం మీద మిగులుతాయి. ఒక పౌను మందులో 7,000 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు కంటే కూడా కాస్త తక్కువ. చిన్న పిస్తోలు తూటాకి ఐదు గ్రెయిన్లు పట్టిందనుకుందాం, ఒక్క డబ్బా 1,400 తూటాలకి వస్తుంది. పెద్ద రైఫిల్ తూటాకి 45 పట్టిందనుకుంటే 155తో సరి. దానికి గుండు ఖరీదూ ప్రైమర్ ఖరీదూ కలపండి, ఏరుకున్న ఇత్తడికి సున్నా వేయండి, కొన్నదానికంటే చవకే అని తేలుతుంది. అప్పుడేమవుతుందంటే, చవకగా ఉంది కదా అని రెట్టింపు కాలుస్తారు. తర్వాత ఇంకో త్రాసు కావాలనిపిస్తుంది, తొడుగుని నొక్కే అచ్చు, అదే డై, ఇంకోటి కావాలనిపిస్తుంది. మా పెద్దాయన భార్య ఈ పొదుపు గురించి నలభై ఏళ్ళుగా వింటోందట, పొదుపు చేసిన సొమ్ము ఎలా ఉంటుందో మాత్రం ఇంకా చూడలేదట.

అందరూ కాల్చే 9 మిల్లీమీటర్ తూటాలకయితే లెక్క మరీ పలచన. ఫ్యాక్టరీలు వాటిని లక్షల్లో దిమ్మరిస్తాయి. దుకాణంలో సులువుగా దొరకని పాత తుపాకుల తూటాలకీ, దూరం గురి కోసం ప్రతి తూటా ఒక్కలాగే ఉండాలనే రైఫిల్ పిచ్చివాళ్ళకీ అయితే అది వేరే సంగతి. వాళ్ళకి పనికొచ్చే తూటా బజార్లో ఉండదు, ఉన్నా ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. కొరత రోజుల్లో కూడా ఇది అక్కరకొస్తుందంటారు గానీ, 2020, 21లో చూశాంగా. తూటాలతోపాటు ప్రైమర్లూ దుకాణాల్లోంచి మాయమయ్యాయి. అంతకుముందు ముప్ఫై నలభై డాలర్లకి దొరికే వెయ్యి ప్రైమర్ల పెట్టె దొరకడమే గగనమయింది. ముందే కొని పెట్టుకున్నవాళ్ళు మీసం మెలేశారు, తక్కినవాళ్ళ తూటాలు నింపే ప్రెస్సులకి దుమ్ము పట్టింది.

కొరత అంటే గుర్తొచ్చింది, ఈ రంగంలో కొన్ని పెద్ద పేర్లు కొరతలోంచో మిగులులోంచో పుట్టినవే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ అనే ఊళ్ళో ఫ్రెడ్ హంటింగ్టన్‌కి వేటకి మంచి గుండ్లు దొరకలేదు. కాల్చి పారేసిన పాయింట్ 22 తొడుగులనే నొక్కి, గుండుకి పై కవచంగా మార్చే అచ్చు ఒకటి చేశాడు. ఇందాక మళ్ళీ నింపడానికి పనికిరావన్నానే, అవే. రాతి గుట్టల్లో తిరిగే రాక్ చక్ అనే జంతువుని కొట్టడానికి చేసింది కాబట్టి రాక్ చక్ బుల్లెట్ స్వేజ్ అన్నాడు. ఇవాళ ఆకుపచ్చ రంగు ప్రెస్సుల మీద కనబడే ఆర్‌సీబీఎస్ ఆ మాటల పొట్టిపేరే. ఇక యుద్ధం అయిపోయాక సైన్యం దగ్గర మందు గుట్టలుగా మిగిలిపోయింది. కాన్సస్‌లో బ్రూస్ హాడ్జన్ అనే ఆయన ఆ మిగులు మందు కొని, పాత రైలు పెట్టెలో నిల్వచేసి, పత్రికలో ప్రకటన వేసి అమ్మాడు. ఆ మందు నంబరు 4895. ఇవాళ్టికీ ఆ నంబరుతో మందు అమ్ముతున్నారు. అందులోనే కొత్తవాడికి ఒక గొయ్యి కూడా ఉంది. ఐఎంఆర్ 4895 అని ఒక డబ్బా, హెచ్ 4895 అని ఇంకో డబ్బా ఉంటాయి. నంబరు ఒకటే, మండే తీరు వేరు. ఒకదాని కొలత రెండోదానికి వాడకూడదు.

మొదలుపెట్టేవాడికి నా సలహా అడిగితే, యంత్రం జోలికి వెళ్ళకముందే పుస్తకం కొనమంటాను. లైమన్, హార్నడీ, స్పీర్ లాంటి కంపెనీలు అచ్చేసే లావుపాటి రీలోడింగ్ పుస్తకాలు ఉంటాయి. సగం పాఠాలు, సగం కొలతల పట్టికలు. ఏ తూటాకి, ఎంత బరువు గుండుకి, ఏ మందు, ఎంతతో మొదలుపెట్టాలి, ఎంత దాటకూడదు, అన్నీ ఉంటాయి. మొదలుపెట్టే కొలత దగ్గరే మొదలుపెట్టాలి. పైకొలత అనేది పొలిమేర, అక్కడికి చేరితీరాలని ఎవరూ అడగలేదు. ఎవరో స్నేహితుడు చెప్పాడనో, ఎక్కడో చూశాననో రాసుకున్న కొలత చించిపారేయండి. దశాంశ చుక్క ఒక స్థానం జరిగితే ఏమవుతుందో ఇంజినీర్ల జాతికి నేను చెప్పాలా.

తర్వాత ప్రెస్. మూడు రకాలున్నాయి. మీట ఒకసారి లాగితే ఒక్క పనే చేసేది సింగిల్ స్టేజ్. డైలన్నీ గుండ్రటి తలలో బిగించుకుని తిప్పుకునేది టర్రెట్. మీట లాగినప్పుడల్లా ఒక పూర్తి తూటా జారిపడేది ప్రోగ్రెసివ్. కుర్రవాళ్ళ కళ్ళన్నీ మూడోదాని మీదే ఉంటాయి. గంటకి కొన్ని వందల తూటాలు మరి! నేను మాత్రం సింగిల్ స్టేజ్ కొనమనే పోరుపెడతాను. ప్రోగ్రెసివ్‌లో ఒకే క్షణంలో నాలుగైదు తొడుగుల మీద నాలుగైదు పనులు జరుగుతుంటాయి. వాటిలో ఏది తప్పిందో కొత్త చేతికి తెలియదు. ఒక్కో పని ఒక్కోసారి చేస్తేనే ఏ పని సరిగ్గా ఉన్నప్పుడు చేతికి ఎలా తగులుతుందో తెలిసేది. లీ కంపెనీవాళ్ళు తెచ్చిన లీ లోడర్ అని ఒకటుంది, ప్రెస్ కూడా అక్కర్లేదు, చిన్న పెట్టెలో పట్టే సామాను, ఒక సుత్తి. దాంతోనే మొదలుపెట్టి జీవితాంతం దాంతోనే సరిపెట్టుకున్న రైతులున్నారని మా పెద్దాయన చెబుతాడు. సుత్తితో ప్రైమర్ దిగ్గొట్టడం నాకైతే గుండెదడ.

ఏ తూటాతో మొదలుపెట్టాలి అంటే, పాయింట్ 38 స్పెషల్. పాత సినిమాల్లో పోలీసు రివాల్వర్‌ది. స్మిత్ అండ్ వెస్సన్‌వాళ్ళు 1898లో తెచ్చారు. తిన్నటి గొట్టంలాంటి తొడుగు, ఒత్తిడి తక్కువ, వేళ్ళకి పట్టుదొరికేంత పొడుగు. కార్బైడ్ డై కొనుక్కుంటే తొడుగుకి నూనె రాసే పని కూడా ఉండదు. రివాల్వర్ తొడుగుని గడ్డిలోకి విసిరెయ్యదు, కాబట్టి ఏరుకునే పని కూడా తప్పుతుంది.

పని ఇలా సాగుతుంది. వాల్‌నట్ పెంకుల పొడిలోనో మొక్కజొన్న కండెల నూకలోనో తొడుగుల్ని గంటలకొద్దీ గలగలమని తిప్పితే మసి వదిలి మెరుస్తాయి. ఆ ధూళిలో పాత ప్రైమర్ల సీసం ఉంటుంది కాబట్టి వంటింట్లో తిప్పకండి, మూత ఆరుబయట తీయండి. తర్వాత ఒక్కోటీ వెలుతురులో తిప్పి చూడాలి. మూతి దగ్గర వెంట్రుకంత చీలిక ఉన్నా పనికిరాదు. రైఫిల్ తొడుగులకి ఇంకో పరీక్ష ఉంది. అడుగుకి కాస్త పైన, పలచబడిన చోట లోపల గాడి పడుతుంది. కాగితాలకి పెట్టే క్లిప్పుని సాపుచేసి, కొస కొంచెం వంచి, లోపలి గోడ వెంట మెల్లగా లాగితే ఆ గాడి దగ్గర కొస తట్టుకుంటుంది. కంటికి కనబడనిది వేలికి తెలుస్తుంది. అలా తట్టుకుందంటే ఇంకోసారి కాలిస్తే ఆ తొడుగు తుపాకీలోనే రెండు ముక్కలవుతుంది.

మొదటి డై తొడుగుని కొలతకి నొక్కి పాత ప్రైమర్‌ని పొడిచేస్తుంది. రెండోది మూతిని రవ్వంత విప్పారుస్తుంది, గుండు గీరుకోకుండా కూర్చోవడానికి. ఆపైన కొత్త ప్రైమర్. ఇది చేతితో తెలుసుకోవాల్సిన పని. మీట నొక్కుతుంటే మొదట వదులు, తర్వాత గట్టిదనం, ఆ తర్వాత అడుగు తగిలిన ఆన. అయ్యాక చూపుడువేలు అడుగు మీద రాసి చూస్తే ప్రైమర్ అంచు కంటే వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. పైకి తగిలితే పనికిరాదు. ప్రైమర్ల విషయంలో ఒకటి మరవకండి. కంపెనీ ఇచ్చిన పెట్టెలో ఒక్కోదానికీ ఒక్కో గుంట ఎందుకు పెట్టారంటే, ఒకటి పేలితే పక్కది అందుకోకుండా. వాటిని గుప్పెడు తీసి గాజుసీసాలో పోసుకున్నారంటే మీ బల్ల మీద బాంబు పెట్టుకున్నట్టే.

మందు పోయడం దగ్గర మా పెద్దాయన మాట్లాడడు. ఫోను ఇంట్లో వదిలేస్తాడు, రేడియో ఆపేస్తాడు, ఫ్యాను కూడా ఆపేస్తాడు. త్రాసు గ్రెయిన్‌లో పదోవంతు చూపించాలి, అంటే ఆరున్నర మిల్లీగ్రాములు. ఫ్యాను గాలికి పళ్ళెం ఊగితే అది ఎటు చూపిస్తుందో దేవుడికే తెలియాలి. బల్ల మీద ఒక్క మందు డబ్బాయే ఉంటుంది, రెండోది అల్మారాలోంచి బయటికి రాదు. చూడ్డానికి నల్లటి రేకుపొడులన్నీ ఒకేలా ఉంటాయి మరి. పని అయ్యాక కొలత గొట్టంలో మిగిలినది అదే డబ్బాలోకి వెనక్కి వెళ్తుంది. ఏ డబ్బాదో తెలియని మందు దొరికితే బాధపడకుండా పెరట్లో గడ్డి మీద పలచగా చల్లేస్తాడు. నత్రజని ఉంటుంది కాబట్టి గడ్డికి ఎరువేనట.

పాయింట్ 38లో ఒక మాయ ఉంది, ఇది కొత్తవాడికి తప్పనిసరిగా చెప్పాలి. ఆ తూటా పుట్టింది బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకిమందు రోజుల్లో. బ్లాక్ పౌడర్ చాలా పడుతుంది కాబట్టి తొడుగుని లోతుగా చేశారు. ఇప్పటి పొగరాని మందు అందులో చిటికెడు పోస్తే చాలు, అడుక్కి వెళ్ళి కూర్చుంటుంది. పొరబాటున రెండుసార్లు పోసినా పొంగిపొర్లదు, పైకి తెలియదు. గుండు పెట్టేశాక ఇక ఎవరికీ తెలియదు, మీ చేతిలో రివాల్వర్ చీలేదాకా. అందుకే మొదట్లో తొడుగులో సగానికి పైగా నిండే ఉబ్బుమందు ఎంచుకోవాలి, రెట్టింపు పోస్తే పొర్లి బల్ల మీద పడుతుంది. అయినా సరే, యాభై గుంటల చెక్కపలకలో తొడుగులన్నీ నిలబెట్టి, గుండు పెట్టేముందు వరసగా టార్చి వేసి చూడాలి. మట్టం అన్నింటిలో ఒక్కటిగా కనబడాలి. ఎక్కడైనా ఎత్తుగానో పల్లంగానో అనిపిస్తే ఆ ఒక్కటీ వంచేసి మళ్ళీ తూచాలి.

మందు అసలే పడకపోతే? అది ఇంకా మోసం. ప్రైమర్ ఒక్కటే పేలి, గుండుని తుపాకీ గొట్టంలో కొంతదూరం తోసి వదిలేస్తుంది. ఢామ్ అనాల్సింది తుస్సుమంటుంది. కాల్చేవాడికి అది పేలలేదనిపించి మళ్ళీ ట్రిగ్గర్ నొక్కబుద్ధవుతుంది. నొక్కితే రెండో గుండు మొదటిదాన్ని గుద్దుకుంటుంది, గొట్టం పగులుతుంది. చప్పుడు తేడాగా వచ్చిందంటే ఆపేయాలి, తూటాలు తీసేయాలి, గొట్టంలోంచి వెలుతురు కనబడేదాకా ఇంకోటి కాల్చకూడదు.

మా పల్లెల్లో ఒకప్పుడు దీపావళికి చిచ్చుబుడ్లు ఇంట్లోనే కూరేవాళ్ళు. సూరేకారం, గంధకం, బొగ్గు విడివిడిగా నూరి కలిపే తాతయ్యలు పిల్లల్ని గడప దాటి రానిచ్చేవాళ్ళు కారు. ఆ పని చూసినవాళ్ళకి ఈ బల్ల దగ్గర క్రమశిక్షణ వింతగా అనిపించదు. తేడా ఏమిటంటే తాతయ్య పాళ్ళు చేతి అంచనాతో వేసేవాడు, ఇక్కడ అంచనా అన్న మాటే లేదు.

నిల్వ గురించి మాత్రం మనవాళ్ళ తెలివి తిరగబడుతుంది. మంటపట్టే సరుకు కదా అని ఇనప బీరువాలో పెట్టి తాళం వేద్దామనుకుంటారు. ఈ మందు ఆరుబయట నిప్పంటుకుంటే బుస్సుమని మండి ఆరిపోతుంది. బిగించిన ఇనప పెట్టెలో అంటుకుంటే ఆ పెట్టే బాంబవుతుంది. అమెరికా అగ్నిమాపక ప్రమాణాలు ఇళ్ళలో 20 పౌన్ల దాకా కంపెనీ డబ్బాల్లోనే ఉంచుకోవచ్చంటాయి, అంతకు మించితే 50 దాకా అంగుళం మందం చెక్కపెట్టెలో. ప్రైమర్లు 10,000 దాకా. మీ ఊరి నిబంధన ఇంతకంటే కఠినంగా ఉంటే అదే పాటించాలి. కంపెనీ డబ్బాలు కూడా చూడండి, ఒత్తిడి పెరిగితే అతుకుల దగ్గర ఊడిపోయేట్టు పలచగా చేస్తారు. పిల్లలున్న ఇంట్లో చెక్కపెట్టెకీ తాళం ఉండాల్సిందే. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా పకోడీ ముట్టుకోకూడదు. సీసం నెమ్మదిగా ఎక్కే విషం, ఆ రోజు ఏమీ తెలియదు.

గుండు కూర్చోబెట్టడం, మూతి బిగించడం ఆఖరి పనులు, అవి వాటంతటవే అలవాటవుతాయి. మొదటిసారి ఉత్సాహంలో ఐదొందలు చేసేయకండి. ఓ గుప్పెడు చేసి, రేంజ్‌లో కాల్చి, ఆ తొడుగుల్ని తిరగేసి చూడండి. ప్రైమర్ మరీ చదునుగా నలిగిందంటే ఒత్తిడి ఎక్కువైందని అనుమానించాలి. పెట్టె మీద తేదీ, మందు పేరు, కొలత, గుండు బరువు రాసిపెట్టుకోవాలి. పేరులేని పెట్టెలోని తూటాలు విప్పేయాల్సినవే.

ఇంకొకరు నింపిన తూటా మాత్రం కాల్చకండి, ఎంత దగ్గరివాళ్ళిచ్చినా. మా పెద్దాయన ఈ విషయంలో కఠినుడు. అల్లుడు అడిగితే కూడా ఇవ్వడు. "నా గరాజ్‌కి రా, నీవి నువ్వే చేసుకో, పక్కన కూర్చుంటాను" అంటాడు. అల్లుడు రెండేళ్ళుగా రాలేదట, దుకాణంలో కొనుక్కుంటున్నాడట. నాకు అల్లుడి మీదా కోపం లేదు. ఓపిక లేనివాడు ఈ బల్ల దగ్గరికి రాకపోవడమే నయం.

ఆఖర్న ఇండియా ప్రయాణాల మాట ఒకటి చెప్పి వదిలేస్తాను. రేంజ్‌కి తీసుకెళ్ళే సంచీ ఎంత మంచిదైనా దాన్ని విమానమెక్కించకండి. అన్ని జిప్పుల అరల్లో ఎక్కడో ఓ మూల, దులిపినా పడకుండా, ఒక తూటా దాక్కుని ఉంటుంది. సామాన్లలో ఒక్క తూటా దొరికి విమానాశ్రయంలోనే పోలీసులకి దొరికిపోయిన ప్రయాణికుల వార్తలు మన పేపర్లలో వస్తూనే ఉంటాయి. తెలిసి తెచ్చారా, తెలియక తెచ్చారా అన్నది కోర్టు నెమ్మదిగా తేలుస్తుంది. ఖాళీదా నిండుదా అని మీరు వాదించేలోపు శంషాబాద్‌లో మీ కోసం వచ్చిన బావమరిది పార్కింగ్ డబ్బులు కట్టుకుంటూ ఉంటాడు.